నాయకునికి ప్రజల అండ — ఉత్తరాంధ్ర చరిత్రలో నాలుగు ఘట్టములు

నాయకునికి అండగా నిలుచుట మాటకు తేలిక, ఆచరణకు కష్టము. సభలో చప్పట్లు కొట్టుట, మెడలో పూలదండ వేయుట, ఊరేగింపున జయజయధ్వానములు చేయుట, ఇవియన్నియు మద్దతు తెలుపు పద్ధతులే. అయినను ఈ పనులు చేసినవారికి మరునాడు పోవునది ఏమియు ఉండదు. ఏదైన పోగొట్టుకొనుటకు సిద్ధపడి నిలిచిననాడే ఆ మద్దతు బరువు తెలియును. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల చరిత్రలో అట్టి ఘట్టములు పెక్కు కలవు. వానిలో నాలుగింటిని వరుసగా పరిశీలించినచో, ఈ ప్రాంతపు ప్రజలు నాయకుని వెనుక నిలుచు తీరు 1794 మొదలు 1967 వరకు గల కాలములో ఎట్లు మారెనో బోధపడును.

మొదటి ఘట్టము పద్మనాభ యుద్ధము. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దశకమున విజయనగర సంస్థానమును చిన్న విజయరామరాజు పాలించుచుండెను. ఉత్తర సర్కారులు అప్పటికే ఈస్టిండియా కంపెనీ వశమై యుండెను. సంస్థానము కంపెనీకి ఏటేట పేష్కషు చెల్లింపవలసి యుండెను. అది బకాయిపడినదని చెప్పి కంపెనీవారు 1793లో సంస్థానమును స్వాధీనము చేసికొనిరి. రాజును స్వస్థలము విడిచి మచిలీపట్టణమునకు పోవలసినదిగా ఆజ్ఞాపించిరి. తాతతండ్రులనాటి గడ్డను విడిచి, కంపెనీవారి భత్యముపై పరాయి ఊర బ్రతుకుటకు రాజునకు మనసొప్పలేదు. విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమ, కొండపై అనంతపద్మనాభస్వామి వెలసిన పద్మనాభ గ్రామమున ఆయన తన అనుచరులతో విడిసెను.

1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడపిన కంపెనీ సేన వారిపై పడెను. పోరు ఒక గంటసేపైనను సాగలేదు. తుపాకుల ముందు కత్తులు నిలువలేదు. రాజు అక్కడనే నేలకొరిగెను. ఆయన చుట్టును సంస్థానములోని ప్రముఖ క్షత్రియ కుటుంబములవారు పెక్కురు ప్రాణములు విడిచిరి. 1757లో బొబ్బిలి కోటలో జరిగిన ఘోరమును ఆ తరమువారు ఇంకను మరచియుండరు. ముప్పది యేడేండ్లు గడచిన పిమ్మట, నాడు బొబ్బిలిపై గెలిచిన పక్షమునకే పద్మనాభమున అట్టి గతి పట్టెను.

యుద్ధముతో కథ ముగియలేదు. రాజుగారి కుమారుడు నారాయణబాబు బాలుడు. అతనిని కొండ జమీందారులు తమ అండకు తీసికొనిరి. తండ్రిని చంపినంత మాత్రమున దేశము తమకు లొంగలేదని కంపెనీవారు గ్రహించిరి. తుదకు వారు ఆ బాలునితో సంధి కుదుర్చుకొని సంస్థానములో కొంత భాగమును అతనికి తిరిగి ఇచ్చిరి. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చునప్పటికి విజయనగరము పెద్ద జమీందారీగా నిలిచెను. రణరంగమున ఓడిన పక్షము, అనుచరుల పట్టుదల వలన, సంప్రదింపులలో కొంత గెలిచినదనవలెను.

పద్మనాభమున ఒరిగినవారి త్యాగమును తక్కువచేసి చెప్పుట తగదు. అయితే ఆ మద్దతు దేనిపై నిలిచినదో గమనింపవలెను. ఉప్పు తిన్న యింటికి రెండు తలపరాదన్న నియమము, రక్తసంబంధము, రాజు ఇచ్చిన భూములు, ఈ మూడును వారిని కట్టి ఉంచెను. నాయకుడు పుట్టుకతో వచ్చినవాడు; వారు ఎన్నుకొన్నవాడు కాడు. ఇక నాగలి పట్టిన రైతును ఎవరును అడుగలేదు. రాజు గెలిచినను కంపెనీ గెలిచినను అతడు చెల్లింపవలసిన శిస్తు అతడు చెల్లింపవలసినదే. రాజునకు అండగా నిలిచినవారి జాబితాలో ఆ రైతు పేరు లేదు. నిలువనివారి జాబితాలోను లేదు.

ఆ రైతు చరిత్రలోనికి వచ్చుటకు నూరేండ్లకు మించిన కాలము పట్టెను. శాశ్వత శిస్తు ఏర్పాటు జమీందారునకు భూమిపై హక్కును స్థిరపరచెను గాని, దున్నువానికి భద్రత నీయలేదు. మందస, టెక్కలి, పర్లాకిమిడి, బొబ్బిలి, విజయనగరము మొదలగు జమీందారీలలో రైతులు హెచ్చు శిస్తులతోను, వెట్టిచాకిరితోను క్రుంగుచుండిరి. కొండల అంచున నున్న పల్లెలకు మరియొక బాధ కలదు. నాగలికి కఱ్ఱ, ఇంటికి వాసము, పొయ్యికి పుల్ల, పశువునకు మేత, అన్నియు అడవినుండి రావలసినవే. అడవి జమీందారుది. తాతలనాటినుండి అనుభవించుచున్న దానికి రుసుము చెల్లింపవలసి వచ్చెను. చెల్లింపనివాడు దొంగ యగుచుండెను.

ఈ స్థితిలో 1930 దశకమున ఇరువురు వ్యక్తులు ఈ ప్రాంతపు రైతుల విశ్వాసమును చూరగొనిరి. ఒకరు ఆచార్య నిడుబ్రోలు గోగినేని రంగాగారు. వారు 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించి, ఆ కొలువు విడిచి రైతు ఉద్యమమున ప్రవేశించిరి. స్వగ్రామమున రైతాంగ విద్యాలయమును నెలకొల్పి యువకులకు రాజకీయ శిక్షణ నొసగిరి. రెండవవారు గౌతు లచ్చన్నగారు. 1909 ఆగస్టు 16వ తేదీన సోంపేట సమీపమునగల బారువలో గీత కార్మిక కుటుంబమున వారు జన్మించిరి. 1930లో నౌపడ ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాల చూచిరి. రంగాగారిని తమ గురువుగా భావించిరి. బారడోలీ రైతులు 1928లో వల్లభాయి పటేలును ‘సర్దార్’ అని పిలిచినట్లే, ఉత్తరాంధ్ర ప్రజలు లచ్చన్నగారిని ‘సర్దార్’ అని పిలిచిరి. ఏ ప్రభుత్వమును ఈ బిరుదు నీయలేదు. ప్రజలు తమ నోట ఇచ్చినది, తమ నోట నిలిపినది.

1937 జూలైలో ఇచ్ఛాపురమునుండి రైతు రక్షణ యాత్ర బయలుదేరెను. ఆంధ్రదేశపు ఈశాన్యపు కొసనుండి మద్రాసు వరకు సుమారు 1,500 మైళ్ళు కాలినడకన సాగి 1938 మార్చిలో అది ముగిసెను. యాత్రికులకు దారిపొడవున గ్రామస్థులు అన్నము పెట్టిరి, బసలు చూపిరి, తమ కష్టములను వినతిపత్రములుగా వ్రాయించి వారి చేతికిచ్చిరి. పద్మనాభమునాడు అనుచరుడు నాయకుని ఆజ్ఞకై ఎదురుచూచెను. ఈ యాత్రలో నాయకుడు గ్రామమునకు వచ్చి రైతు చెప్పినది వినెను. ఆనాటి మద్రాసు ప్రభుత్వమున రెవెన్యూ మంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘమొకటి పనిచేసి, భూమికి యజమాని రైతే యని 1938లో నివేదిక సమర్పించెను. కాని ఆ నివేదిక చట్టము కాకముందే, యుద్ధకాలమున, 1939లో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసెను. రైతు ఆశ అర్ధాంతరమున ఆగిపోయెను.

రెండవ ఘట్టము ఇక్కడ ఆరంభమగును. 1940 మార్చి నెలాఖరున పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగెను. దానికి అధ్యక్షులుగా ఎన్నుకొనబడిన రాహుల్ సాంకృత్యాయన్ గారు అప్పటికే బ్రిటిషు ప్రభుత్వ నిర్బంధములో నుండిరి. సంకెళ్ళు తగిలించినను నాయకత్వము పోదని చెప్పుటకు అంతకంటె బహిరంగమైన పద్ధతి ఏమి కలదు? దేశపు నలుమూలలనుండి వచ్చిన వక్తల మాటలు మందస జమీందారీ పల్లెలకు చేరెను. రైతులు బండ్లు కట్టుకొని అడవికి పోయి కలప నఱికి తెచ్చుకొనిరి. జమీందారీ అధికారులు పోలీసుల సాయము కోరిరి.

1940 ఏప్రిల్ 1వ తేదీన పోలీసులు గుడారి రాజమణిపురమునకు వచ్చి రైతు నాయకులను పట్టుకొనిరి. గ్రామస్థులు అడ్డముగా నిలిచిరి. వారిలో ముందు నిలిచినది సాసుమాన గున్నమ్మ యను రైతు స్త్రీ. ఆమె చట్టసభ సభ్యురాలు కాదు, సంఘాధ్యక్షురాలు కాదు. పట్టుకొన్న తమవారిని విడిచిపెట్టవలసినదేయని ఆడువారిని కూడగట్టుకొని పోలీసుల దారికి అడ్డు నిలిచెను. తుపాకులు ప్రేలెను. గున్నమ్మయు మరి నలుగురు రైతులును మరణించిరి. వీరగున్నమ్మ యని ఆమెను ఈ ప్రాంతము నేటికిని తలచుకొనుచున్నది.

ఈ సంఘటనను పద్మనాభముతో పోల్చి చూడవలెను. రెండుచోట్లను మనుష్యులు తమ నాయకులకై ప్రాణములిచ్చిరి. కాని గుడారి రాజమణిపురమున ఒరిగినవారికి భూమి ఇచ్చిన ప్రభువు లేడు. వారు కాపాడదలచిన నాయకులు తమ ఊరివారు, తమతోపాటు బండి తోలినవారు. ‘వారు చేసిన పని మేమందరము చేసినదే, వారిని మాత్రము కొనిపోవుట న్యాయము కాదు’ అనునదే ఆనాటి పట్టుదలలోని సారము. ఒకని వెనుక పదిమంది నిలుచుట కాదిది. పదిమంది తామందరును ఒకటేయని చెప్పుకొనుట. పద్మనాభమున చరిత్రకెక్కని రైతు ఇక్కడ తన పేరుతో చరిత్రకెక్కెను.

స్వాతంత్ర్యానంతరము 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసెను. జమీందారీలు పోయెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయ్యెను. వయోజనులందరికి ఓటు వచ్చెను. అంతవరకు నాయకునికి అండయనగా ప్రాణమైన, ధనమైన, శ్రమయైన ఇచ్చుట. ఇక మీదట దానికి మరియొక రూపము ఏర్పడెను. అది ఓటు. ఓటునకు రెండు వైపులు కలవు. ఇచ్చుట యెంత హక్కో, ఇచ్చినదానిని వెనుకకు తీసికొనుటయు అంత హక్కే.

మూడవ ఘట్టము ఆ రెండవ వైపునకు సంబంధించినది. రంగాగారు 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. లచ్చన్నగారు వారితోపాటు నడచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ప్రకాశంగారు తొలి ముఖ్యమంత్రి అయిరి. ఆ కాలమున మద్యనిషేధము అమలులో నుండుటచే తాటి, ఈత చెట్లపై బ్రతుకు గీత కార్మికుల కుటుంబములు వేలకొలది జీవనాధారము కోల్పోయెను. రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపవచ్చునని సిఫారసు చేసినను ప్రభుత్వము దానిని అమలుపరచలేదు. లచ్చన్నగారు గీత కార్మికుల పక్షమున సత్యాగ్రహము నడపిరి. తరువాత శాసనసభలో అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. 1954 నవంబరు 6వ తేదీన ఆ తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గెను. ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గము పడిపోయెను.

ఈ ఘట్టమునందలి బాధ గమనింపదగినది. పడిపోయినది ఎవరు? సైమను కమిషను వచ్చిననాడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి. భూమికి యజమాని రైతేయని 1938లో వ్రాసిన సంఘమునకు అధ్యక్షులు. ఎనుబది రెండేండ్ల వృద్ధులు. తీర్మానము తెచ్చినదెవరు? ఆ రైతుల నాయకులే. ఇది కృతఘ్నత యనినవారు ఆనాడు ఉండిరి, తరువాతను ఉండిరి. ఒకరి గత సేవకు కృతజ్ఞత వేరు, వర్తమానమున వారి పాలనకు సమ్మతి వేరు అని చెప్పినవారును ఉండిరి. గీత కార్మికునికి ప్రకాశంగారి త్యాగము తెలియనిది కాదు. అయినను అతని యింట పొయ్యి వెలుగకున్నప్పుడు, ఆ త్యాగమును తలచుకొని మౌనముగా నుండుమనుట ఎంతవరకు ధర్మము? తెచ్చిన తీర్మానము తొందరపాటో కాదో పాఠకులు తమంతట తాము యోచింపదగును. ఒక్కటి మాత్రము స్పష్టము. పద్మనాభమునాటి అనుచరునికి తన రాజును కాదను దారి లేకుండెను. 1954 నాటి ప్రతినిధికి ఆ దారి ఉండెను. రక్తము చిందింపకుండ, చేయి యెత్తి, లెక్క తేల్చి, కాదనగలిగెను. ప్రభుత్వము మారెను గాని ఒక్క ప్రాణమును పోలేదు.

నాలుగవ ఘట్టము 1967 నాటిది. 1959లో రాజాజీ ప్రేరణచే స్వతంత్ర పార్టీ ఏర్పడెను. రంగాగారు దానికి అధ్యక్షులైరి. లచ్చన్నగారు ఆంధ్రదేశమున దానికి మూలస్తంభముగా నిలిచిరి. 1967 సాధారణ ఎన్నికలలో ఆ పార్టీ లోకసభలో 44 స్థానములు గెలిచి ప్రతిపక్షములలో అగ్రస్థానమున నిలిచెను. కాని ఆ విజయకాలముననే రంగాగారు స్వయముగా ఓడిపోయిరి. పార్టీ గెలిచెను, దాని నాయకుడు సభకు వెలుపల నుండెను.

ఆ ఎన్నికలలో శ్రీకాకుళము లోకసభ స్థానమునుండి గెలిచినవారు లచ్చన్నగారు. 1952నుండి మూడు పర్యాయములు బొడ్డేపల్లి రాజగోపాలరావుగారు గెలిచిన స్థానమది. దానిని పొందుట సులభమైన పని కాదు. లచ్చన్నగారు ఆ సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చి, ఖాళీయైన స్థానమున తమ గురువును నిలువుమని కోరిరి. గుంటూరు జిల్లావారైన రంగాగారు ఉపఎన్నికలో శ్రీకాకుళము అభ్యర్థిగా నిలిచి గెలిచి, అదే సంవత్సరమున లోకసభలో ప్రవేశించిరి. ఏకలవ్యుడు గురువునకు బొటనవ్రేలు ఇచ్చెనని పురాణము. ఇక్కడ శిష్యుడు ఢిల్లీ పీఠము నిచ్చెనని ప్రజలు మెచ్చుకొనిరి. పదవికై పార్టీలు మారుట, గురువులను మరచుట దేశమున మొదలైన ఆ కాలమున ఈ పని అందరికిని వింతగా తోచెను.

అయితే ఈ ప్రశంసతో ఆగరాదు. లోకసభ స్థానము లచ్చన్నగారి సొంత ఆస్తి కాదు. ఒకరికి దానము చేయుటకు వీలు కాదు. ఆయన చేయగలిగినది తాను తప్పుకొని, తన గురువును ప్రజల ముందు నిలిపి, ‘నాపై ఉంచిన నమ్మకమును వీరిపైనను ఉంచుడు’ అని అడుగుట మాత్రమే. ఇచ్చినవారు శ్రీకాకుళము ఓటర్లు. తమ జిల్లా కానివానిని, తమ యాసలో మాటలాడనివానిని, తమ నాయకుడు చూపినందున ఎన్నుకొనిరి. ఇచ్ఛాపురమునుండి సాగిన ఆ యాత్రను నడపిన రైతు ఉద్యమమునకు పెద్దయని వారిలో పెద్దలు కొందరైన జ్ఞాపకము చేసికొని యుండవచ్చును. నాయకుని మాటకు విలువ ఇచ్చుట ఒకటి, ఆ మాటను తమ బుద్ధితో తూచి చూచుట మరియొకటి. ఉపఎన్నిక ఆ రెండింటికిని అవకాశమిచ్చెను.

తూచి చూచు హక్కు తమయొద్దనే ఉన్నదని ఆ ఓటర్లు త్వరలోనే చూపిరి. 1971 ఎన్నికలలో శ్రీకాకుళము స్థానము తిరిగి కాంగ్రెసు పక్షమున బొడ్డేపల్లి రాజగోపాలరావుగారికి దక్కెను. నాలుగేండ్లకు ముందు గురుభక్తిని మెచ్చి ఓటు వేసిన జిల్లాయే అప్పటి పరిస్థితులను బట్టి మరియొక నిర్ణయము చేసెను. దీనివలన లచ్చన్నగారి త్యాగము తగ్గలేదు, రంగాగారి పాండిత్యము తగ్గలేదు. ప్రజల మద్దతు ఒకసారి ఇచ్చి మరచిపోవు కానుక కాదనియు, గడువు తీరగానే లెక్క చూడబడు అప్పు వంటిదనియు రుజువయ్యెను. రంగాగారు 1995లోను, లచ్చన్నగారు 2006లోను దీర్ఘాయువుతో కీర్తిశేషులైరి.

ఈ నాలుగు ఘట్టములను ఒకచోట చేర్చి చూచినచో సారము తేటపడును. పద్మనాభమున అండయనగా ప్రభువునకు ప్రాణమిచ్చుట. గుడారి రాజమణిపురమున తోటివారిని విడువకుండుట. 1954లో గౌరవించిన పెద్దనైనను, తమవారి కడుపు మాడినప్పుడు, కాదనగలుగుట. 1967లో పదవి విడిచి గురువును ప్రజల తీర్పునకు నిలుపుట, ఆ తీర్పును ప్రజలే చెప్పుట. మొదటిదానిలో రైతు కనబడడు. చివరిదానిలో అతడే న్యాయాధిపతి. రాజు తలచిన దెబ్బలకు కొదువా యని పూర్వులు చెప్పిన సామెత ఒక్కటే మిగిలిన కాలమునుండి, ఓటరు తలచిన మార్పునకు కొదువ లేని కాలమునకు ఈ ప్రాంతము వచ్చిన దారి యిది. ఆ దారిలో గున్నమ్మ నెత్తురు ఉన్నది, యాత్రికుల అరికాళ్ళ బొబ్బలు ఉన్నవి, ఒక వృద్ధ సింహము మనసు నొచ్చుకొన్న రోజును ఉన్నది.

నమ్మకము ఇచ్చుటకును, వెనుకకు తీసికొనుటకును తెలివి కావలెను. తెలివికి వార్త కావలెను, చదువు కావలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి పల్లెలలో వెలసిన పఠనమందిరములు చేసిన ముఖ్యమైన పని ఇదియే. చదువురాని రైతు వార్తాపత్రికను ఇతరులచేత చదివించుకొని వినెను. తన శిస్తు సంగతి, తన అడవి సంగతి, తన ప్రతినిధి సభలో ఏమి పలికెనో ఆ సంగతి తెలిసికొనెను. గ్రంథాలయము ఏ నాయకుని పక్షమును వహింపదు. అన్ని పక్షముల పత్రికలను ఒకే బల్లపై పరచును. దండ వేయుటకు ముందు ఒకసారి చదువుము, దండ వేసిన తరువాత మరల ఒకసారి చదువుము అని అది చెప్పకయే చెప్పును. ఇరువదియైదు వసంతములు నిండిన పల్లె గ్రంథాలయము తలుపులు ఏ రోజున తెరచియున్నను, ఆ రోజున ఆ ఊరి మద్దతు అమ్ముడుపోకుండుటకు ఒక కావలి యున్నదని భావింపవచ్చును.